నా బదులు తప్పు మోసిన మనిషి

ఈ మధ్య ముగ్గురు యువ కాపరులు నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. సేవలో వ్యతిరేకత ఎదురైతే ఎలా నిలబడాలో తమ శిక్షణ తరగతికి వచ్చి ఒక గంట చెప్పాలన్నారు. బోధన్ వైపు ఊళ్ళో మీరు గట్టిగా నిలబడ్డారట, మా పెద్దలు ఇప్పటికీ ఆ మాటే చెబుతారు అన్నారు. గంటసేపు నిలబడి మాట్లాడే ఓపిక ఈ మోకాళ్ళకు లేదని చెప్పి, చాయ్ తాగించి పంపించాను. మోకాళ్ళ మాట నిజమే. కానీ అసలు సంగతి వేరు. ఆ ఊళ్ళో నిలబడ్డది నేను కాదు. అది మళ్ళీ నోటితో చెప్పలేను. అందుకని రాసి ఇస్తున్నాను. తమ్ముళ్ళూ, తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

నన్ను ఆ ఊరికి వేసేనాటికి నాకు యాభై దాటాయి. అప్పటిదాకా టౌన్‌లో పెద్ద సంఘంలో సహాయ కాపరిగా ఉన్నాను. పల్లెకు బదిలీ అయిందంటే శిక్ష వేసినట్టే అనిపించింది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి కొన్నేళ్ళయింది. ఒకప్పుడు చెరకు తప్ప ఇంకేమీ కనిపించని పొలాల్లో వరి, పసుపు వేసుకుంటున్నారు. మా సంఘమంతా కలిపి పదకొండు కుటుంబాలు. అందరూ ఊరి చివరి దళిత వాడకట్టు వాళ్ళే. ఒకప్పుడు చెరకు కొట్టిన చేతులు, ఇప్పుడు పసుపు తవ్వడానికి కూలికి పోతున్నాయి. మందిరమంటే నాలుగు ఇటుక గోడలు, మీద రేకులు. ఎండాకాలంలో నా ప్రసంగం కంటే ముందు రేకులే అందరినీ చెమటలు పట్టించేవి.

అక్కడ నాకు తోడుగా ఒక సువార్తికుడు ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఫ్యాక్టరీలో చెరకు బండ్లు దించే పని చేసి, అది మూతపడ్డాక పూర్తిగా సేవకు వచ్చేశాడు. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. ఒత్తులు పలికేవి కావు. నేను సంఘం ముందే ఆయన ఉచ్చారణ సరిదిద్దేవాణ్ణి. ఆయన నవ్వి, మళ్ళీ అలాగే చదివేవాడు. కానీ ఎవరింట్లో జ్వరం ఉందో, ఎవరి పొయ్యి వెలగలేదో, ఏ మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం లేదో నాకు ఆయన చెబితేనే తెలిసేది. రోజూ పొద్దున ఇళ్ళు తిరిగేవాడు. విశ్వాసుల ఇళ్ళే కాదు, ఊరంతా తిరిగేవాడు. నేను మోటార్‌సైకిల్ మీద ఎదురైతే పక్కకు నిలబడి దండం పెట్టేవాడు. ఎక్కమంటే, ఎక్కితే మనుషులు కనిపించరు అయ్యగారూ అనేవాడు.

ఆ ఊళ్ళో ఒక రైతు కుటుంబం ఉండేది. నాలుగెకరాల పసుపు, అంతే వరి. ఆ ఇంటి ఇల్లాలు కూలీ ఆడవాళ్ళతో పాటు చేలో కలుపు తీస్తూ, సువార్తికుడి భార్య పాడుకునే పాటలు విని, ఇవి ఎవరి పాటలని అడిగిందట. అలా మొదలైంది. రెండేళ్ళపాటు వారానికొకసారి సువార్తికుడి ఇంటి అరుగు మీద కూర్చుని విని వెళ్ళేది. భర్తకు తెలుసు. పోతే పో, పొద్దుగూకకముందు ఇంటికి రా అనేవాడట. ఇంట్లో మంచం పట్టిన అత్త ఉంది. ఆమెకు పక్షవాతం. ముద్ద కలిపి నోట్లో పెట్టాలి.

ఆమె బాప్తిస్మం తీసుకుంటానని నాతో అన్న రోజు నాకు బాగా గుర్తుంది. గుర్తుండటానికి కారణం ఆమె విశ్వాసం అని రాసుకోవాలని ఉంది. కాదు. మా వార్షిక నివేదికలో బాప్తిస్మాల గడి ఒకటి ఉంటుంది. ముందటేడు అందులో సున్నా పెట్టాను. పైగా వాడకట్టు దాటి, భూమి ఉన్న ఇంటి నుంచి వస్తున్న మొదటి మనిషి ఈమె. ఆ మాట పై పెద్దల ముందు ఎలా చెప్పాలో నేను అప్పుడే మనసులో వాక్యాలు కట్టుకుంటున్నాను.

ఆమె మాత్రం ఇంకో మాట కూడా అంది.

"మా అత్త ఉన్నన్ని దినాలు ఆగుత అయ్యగారూ. ఆమె నా చేతి బువ్వ తప్ప తినదు. గిది తెలిస్తే నోరు కట్టుకుంటది."

ఆలస్యం చేస్తే విశ్వాసం చల్లారిపోతుందని చెప్పాను. అత్త ఇంకెన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు, నీకు రేపనేది ఉందో లేదో ఎవరికి తెలుసు అన్నాను. పెద్ద చదువు చదివినవాణ్ణి, నా దగ్గర మాటలకు కరువు లేదు. ఆమె తల వంచుకుని, మీరు చెప్పినట్టే అంది.

సువార్తికుడు ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. ఇంటాయనను అడిగి వచ్చానని, ముసలమ్మ పోయేదాకా ఆగమన్నాడని చెప్పాడు. నాకు కోపం వచ్చింది. ఆమె పెద్దమనిషి, తన విశ్వాసానికి తనే యజమాని, భర్త అనుమతి ఎందుకు అన్నాను. అది న్యాయమైన మాటే. కాకపోతే ఆమె తానే ఆగుతానన్న సంగతి దాని చాటున దాచేశాను.

"చెరుకు తీపెక్కకముందు కొడితే పశువులకే అయ్యగారూ," అన్నాడాయన. "ఆమె యాడికీ పోదు. మనమే ఆగాలె."

నీకు చదువు లేదు కాబట్టి భయం అన్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆదివారం తెల్లవారగానే కాలువలో బాప్తిస్మం ఇచ్చాను. యాసంగి పంటకు నీళ్ళు వదిలిన రోజులు. నీళ్ళు చల్లగా, వడిగా ఉన్నాయి. ఒడ్డున సువార్తికుడు తువ్వాల పట్టుకుని నిలబడ్డాడు. కట్ట మీద పొలానికి పోతున్న ఎవరో ఫోన్‌లో తీశారు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ప్రతి ఫోన్‌లో ఆమె నీళ్ళలోంచి లేస్తోంది, పక్కన నేను చేయి పైకెత్తి ఉన్నాను.

మా జిల్లా పల్లెల్లో పంచాయతీ కంటే గ్రామ కమిటీ మాటకే బలం ఎక్కువని మీకు చెప్పక్కర్లేదు. రెండో రోజు పొద్దున మైకులో చెప్పారు. మా పదకొండు కుటుంబాలను ఎవరూ కూలికి పిలవొద్దు, దుకాణంలో సరుకివ్వొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, మాట్లాడొద్దు. సరిగ్గా పసుపు తవ్వే కాలం. ఏడాది మొత్తంలో నాలుగు చేతులకు నిండుగా పని దొరికేది అప్పుడే. ఇళ్ళల్లో బియ్యం డబ్బాలు వారానికే అడుగంటాయి. నేను మోటార్‌సైకిల్ మీద బోధన్ పోయి సరుకులు తెచ్చాను. ఎన్ని తేగలను? షుగర్ ఉన్న ఒక ముసలాయన మందులకు పోవడానికి ఆటో దొరక్క నవీపేట్ రోడ్డు దాకా నడిచి, మధ్యలో కూలబడిపోయాడు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. వాళ్ళు కమిటీ వాళ్ళను పిలిచి మందలించారు. మైకు ఆగింది, బంద్ ఆగలేదు. కూలికి పిలవకపోవడానికి కేసేముంటుంది? మా పై పెద్దలు టౌన్ నుంచి రోజూ ఫోన్ చేసి, నిలబడండి, తల వంచకండి, అందరం ప్రార్థిస్తున్నాం అనేవారు. నేనూ సంఘానికి అదే మాట చెప్పేవాణ్ణి. మా పదకొండిళ్ళ వాళ్ళు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఆ రైతు ఇంట్లో ముసలమ్మ, కోడలు భయపడ్డట్టే, నోరు కట్టుకుంది. కోడలు పూటపూటకూ ముద్ద కలిపి మంచం పక్కన కూర్చునేది. అత్త పెదవులు బిగించుకుని గోడ వైపు తిరిగేది. కొడుకు పెడితే రెండు మెతుకులు మింగి మిగతాది ఉమ్మేసేది. కోడలు వాదించలేదు, ఏడవలేదు, నా దేవుడు ఇలా నీ దేవుడు అలా అనలేదు. కంచం పట్టుకుని కూర్చోవడం, చల్లారాక తీసుకుపోవడం, తరవాతి పూటకు మళ్ళీ కలిపి తేవడం. ఎన్నో రోజునో ముసలమ్మ ఆమె చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "చేతులు గవ్వే గద" అని నోరు తెరిచిందట. ఈ సంగతి నాకు చాలా కాలం తరవాత తెలిసింది. శిష్యత్వం గురించి నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఆ కంచం దగ్గర జరిగినంత పాఠం ఒక్కటీ చెప్పలేదు.

నెల దాటాక కమిటీ మమ్మల్ని పిలిచింది. పంచాయతీ ఆఫీసు పక్కన రేకుల షెడ్డు. పొద్దున పది గంటల వేళ. నలభై మంది దాకా ఉన్నారు. మావాళ్ళు బయట ఎండలో నిలబడ్డారు. ఆ రైతు ఒక మూల కుర్చీలో, నేల చూస్తూ కూర్చున్నాడు. నేను జేబులో కాగితం పెట్టుకుని పోయాను. మత స్వేచ్ఛ, పౌర హక్కులు, బహిష్కరణ నేరమని చెప్పే సెక్షన్లు అన్నీ రాసుకున్నాను. వాళ్ళు దేవుడి గురించి తగవు పెట్టుకుంటారని అనుకున్నాను.

కమిటీ పెద్దమనిషి దేవుడి ఊసే ఎత్తలేదు. పెద్దవయసు, నెమ్మదస్తుడు.

"ఒకటే అడుగుత పాస్టర్ సాబు," అన్నాడు. "ఇంట్ల ముసలమ్మ సావుబతుకుల మీద ఉంది, జర ఆగుండ్రి అని నీకెవరన్న చెప్పిండ్రా లేదా?"

అంతే ప్రశ్న. అవును, చెప్పారు అంటే సరిపోయేది. ఆమె చెప్పింది, ఈయన చెప్పాడు, నేను వినలేదు, తప్పు నాది అంటే అయిపోయేది. బహుశా తిట్టేవాళ్ళు, ఊరు విడిచి పొమ్మనేవాళ్ళు. నేను జేబులో కాగితం తడుముకుంటున్నాను. టౌన్‌లో ఏమనుకుంటారోనని ఒక ఆలోచన. తల వంచొద్దన్నారు కదా అని ఇంకో ఆలోచన. కాగితం బయటికి తీసి మడత విప్పాను.

అప్పుడు సువార్తికుడు లేచాడు.

"అయ్యగారికి ఏం తెల్వదు," అన్నాడు. "ఆమె ఆగుతనన్నది నాకే చెప్పింది. ఇంటాయిన సుత నాకే చెప్పిండు. నేనే దాచిపెట్టి, అందరూ ఒప్పుకున్నరని అయ్యగారికి అబద్ధం చెప్పిన. తప్పు నాది."

చెప్పి నా వైపు ఒకసారి చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

పోయి ఆ రైతు కాళ్ళు పట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి. రైతు ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కమిటీ పెద్దమనిషి పక్కవాళ్ళతో మాట్లాడి తీర్పు చెప్పాడు. అబద్ధం చెప్పి సంసారంలో చిచ్చు పెట్టినవాడు ఊళ్ళో ఉండొద్దు. మిగతా వాళ్ళ మీద బంద్ తీసేస్తున్నాం. ప్రార్థన మీ మందిరంలో మీరు చేసుకోండి, ఇళ్ళ మీద పడొద్దు.

మర్నాడు మా ఆడవాళ్ళు పసుపు చేలకు పోయారు. నాలుగో రోజు సువార్తికుడు భార్యతో, రెండు ట్రంకు పెట్టెలతో నవీపేట్‌లో ఉన్న కూతురింటికి పోయాడు. ఆటో దాకా సాగనంపాను. ఏదో చెప్పబోయాను. ఉండనీయుండ్రి అయ్యగారూ, షుగరు ముసలాయనకు మందులు అయిపోయినయి, చూసుకోండి అన్నాడు.

ఆ ఏడు టౌన్‌లో మా మహాసభల్లో నాకు శాలువా కప్పారు. శ్రమలో నిలబడిన సేవకుడు అన్నారు. ఆ తరవాత చాలా ఊళ్ళు పిలిచాయి. పోయిన ప్రతిచోటా కథ చెప్పాను. చెప్పే కొద్దీ కమిటీ పెద్దమనిషి గొంతు పెరిగింది, నా ధైర్యం పెరిగింది, ముసలి సువార్తికుడు తగ్గుతూ వచ్చాడు. చివరికి మా సహాయకుడు ఒకడు చిన్న పొరపాటు చేశాడు అనే ఒక్క వాక్యంలోకి వచ్చేశాడు. ఇంటికి వస్తే మా ఆవిడ శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టేది. నా ప్రసంగాలకు రావడం మాత్రం తగ్గించింది.

రెండేళ్ళకు ఆ ముసలమ్మ పోయింది. కర్మలన్నీ అయ్యాక పరామర్శకు వెళ్ళాను. రైతు ఇంటి వెనక కళ్ళంలో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి కాళ్ళతో తిప్పుతున్నాడు. నన్ను చూసి ఆగాడు, మంచం వాల్చాడు. అక్కడే ఆయన నోట ముద్దల సంగతి విన్నాను. విన్నాక ఇక దాచలేకపోయాను. ఆ రోజు మా సువార్తికుడు చెప్పింది అబద్ధమని, నాకు అన్నీ ముందే తెలుసని చెప్పాను.

"నాకెర్కే," అన్నాడు.

నేను తల ఎత్తాను.

"బాప్తిస్మానికి నాలుగొద్దుల ముందు నా పొలం కాడికొచ్చి అడిగిండు. ఆగుమన్న. అయ్యగారికి చెప్త అన్నడు. గాయిన చెప్పకుండ ఉండే మనిషి కాదు. కమిటీల లేసి గట్ల అంటుంటే అబద్ధమని నాకు తెల్సు." ఒక పసుపు కొమ్ము ఏరి మళ్ళీ కుప్పలో వేశాడు. "నేను సుత మాట్లాడలే. గ లొల్లి తెగాలె, అవ్వ నోట్లె బువ్వ పోవాలె అనుకున్న. ఎవడో ఒకడు మోస్తుండు, మోయనీ అనుకున్న. గాయిన నా కాళ్ళు పట్టుకున్నంక ఇప్పటిదాంక నిద్ర సక్కగ లేదు."

ఇద్దరం ఒకే మంచం మీద కూర్చున్నాం. తెరిచిన వెనక తలుపులోంచి ఆయన పూజ గది కనిపిస్తోంది, నా చంకలో వాక్య గ్రంథం ఉంది. ఇద్దరం చేసింది మాత్రం ఒకటే.

ఆ వారమే నవీపేట్ పోయాను. మేకల సంత రోజు. మహారాష్ట్ర నుంచి వచ్చిన వ్యాపారులు మరాఠీలో, తెలుగులో కలగలిపి బేరాలాడుతున్నారు. సువార్తికుడు ఒక వ్యాపారి దగ్గర మేకలకు నీళ్ళు పెట్టి, బండ్లకు ఎక్కించే పనిలో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి దండం పెట్టి, గోడ నీడన కూర్చోబెట్టాడు. నా తప్పు చెప్పుకున్నాను. అంతా విన్నాడు. ఉండనీయుండ్రి అంటాడని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే ఆ మాట వినడానికే పోయాను.

"ఆ దినం నేను లేసినంక మీరు లేస్తరనుకున్న," అన్నాడు. "కాదు, నాదే తప్పు అంటరనుకున్న. గందుకే మీ దిక్కు చూసిన."

మేక ఒకటి తాడు తెంపుకోబోతే పోయి కట్టేసి వచ్చాడు.

"ఇప్పుడు నాకు చెప్తె ఏమొస్తది అయ్యగారూ? నాకు తెల్సిందే గద. తెల్వనోళ్ళకు చెప్పుండ్రి."

ఆదివారం మందిరంలో చెప్పాను. ప్రసంగం చెయ్యలేదు. జరిగింది జరిగినట్టు, కాగితం లేకుండా చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు, ఆమెన్ అనలేదు. ఆకలికి ఓర్చుకున్న మనుషులు వాళ్ళు. వాళ్ళ సువార్తికుణ్ణి నేను పోగొట్టానని అప్పుడే తెలుస్తోంది. ఆ తరవాత రెండు కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయి. తిరిగి రాలేదు. టౌన్‌లో పెద్దలు పిలిచి, పాత సంగతులు తవ్వి సంఘం పరువు తీశారన్నారు. ఇంకో ఏడాదికి నన్ను ఆఫీసులో రిజిస్టర్లు రాసే పనికి మార్చారు. పదవీ విరమణ దాకా అవే రాశాను.

ఆ ఆదివారం అందరూ వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే ఉండిపోయింది, ఆ రైతు భార్య. చాపలు మడతపెడుతూ అడిగింది.

"ఆగుత అని నేనన్నది మీరు ఇననే లేదనుకున్న అయ్యగారూ. ఇన్నరా?"

విన్నానన్నాను.

"ఇనలేదనుకున్నన్ని దినాలు మనసు జర అల్కగుండె," అంది. చాపలు గోడకు ఆనించి వెళ్ళిపోయింది. ఆమెను నీళ్ళలో దించినందుకు నాకు దొరికిన జవాబు అదే. ఆ తరవాత కూడా మందిరానికి వచ్చేది, విని వెళ్ళేది.

ఇంటికి పోయి భర్తతో ఏం మాట్లాడిందో తెలియదు. ఆ వారంలో ఆయన తనంతట తానే కమిటీ ముందుకు పోయి, సువార్తికుడి మాట అబద్ధమని నాకు అప్పుడే తెలుసు, నోరు మూసుకున్నాను అని చెప్పాడు. నేనూ పక్కనే నిలబడ్డాను, ఈసారి కాగితం లేకుండా. కమిటీ పెద్దమనిషి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీరిద్దరు కలిసి మమ్ముల పిచ్చోళ్ళను చేసిండ్రు," అన్నాడు. "ముసలోణ్ణి తెచ్చుకోండ్రి పో."

రైతు మర్నాడే తన ట్రాక్టర్ తీశాడు. ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద గొంగడి వేశాడు. ఇద్దరం నవీపేట్ పోయాం. ముసలాయన మొదట రానన్నాడు, కూతురు కూడా ఎందుకు పంపాలంది. రైతు ఇంట్లోకి పోయి ట్రంకు పెట్టె ఒకటి తీసుకుని బయటికి వచ్చాడు. నేను రెండోది ఎత్తుకున్నాను. అప్పుడు ముసలాయన భార్య గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దాటాక ఊళ్ళోకి వచ్చాం. మూసి ఉన్న ఇల్లు తెరిచి, మావాళ్ళు ఊడ్చి, నీళ్ళు చల్లారు. చాయ్ పెట్టారు. ముసలాయన గుమ్మంలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, రెండు చేతులతో మోకాళ్ళు ఒత్తుకుంటున్నాడు. నేను పక్కన నిలబడే ఉన్నాను. కూర్చోమన్నాడు. క్షమించానని అనలేదు. అంటాడేమోనని నేనూ ఇక ఎదురుచూడలేదు.

"కాళ్ళు పనిచేస్తలేవు అయ్యగారూ," అన్నాడు. "నేను మందిరం చూసుకుంట. ఇండ్లు తిరుగుడు రేపటిసంది మీరే పోవాలె. మోటరు సైకిల్ ఇడిసిపెట్టి పోండ్రి. కమిటీ పెద్దమనిషి ఇంటికాడికెల్లి మొదలుపెట్టుండ్రి. ఆయిన మనుమనికి జరమొచ్చిందట."

పొద్దున ఏడింటికి ఆ వాకిట్లో నిలబడ్డాను. పెద్దమనిషి చూసి, ఏం కావాలని అడిగాడు. పిల్లవాడికి ఎలా ఉందో కనుక్కుందామని వచ్చానన్నాను. ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.